ఆరు నిమిషాల మెలకువ

మత్తు డాక్టరమ్మ బతికున్న చివరి గంటలో ఆమె మెదడు గీసిన గీతలు రెండు కాగితం ముక్కలుగా బల్ల మీద ఉన్నాయి.

"ఆత్మహత్య," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "పన్నెండింటికి ఫైలు మూసేసి ఈ గది ఆసుపత్రి వాళ్ళకి అప్పజెప్పేస్తాను. మీకు రెండున్నర గంటలు టైముంది గురువుగారూ. అది కూడా మీ మొహం చూసి ఇస్తున్నాను."

గడియారం వాచీ చూసుకున్నాడు. తొమ్మిదీ ముప్పై రెండు. ఆయన అసలు పేరు భార్యకీ పెన్షన్ ఆఫీసుకీ తప్ప ఎవరికీ గుర్తులేదు. పోలీసు ఉద్యోగంలో ముప్పై ఏళ్ళూ, రిటైరై ప్రైవేటు డిటెక్టివ్‌గా నాలుగేళ్ళూ, ఎవరెదురైనా ఆయన మొదట అడిగే మాట ఒక్కటే: "ఎన్నింటికి?" ఆ పేరు అలా అతుక్కుపోయింది. ఇన్‌స్పెక్టర్ ఒకప్పుడు ఆయన చేతికిందే పని నేర్చుకున్నాడు. నేర్చుకున్నవాటిలో ఓపిక ఒక్కటే మిగల్లేదు.

"చెప్పు," అన్నాడు గడియారం.

"ఏముంది చెప్పడానికి? మూడు నెలల కిందట ఈమె మత్తిచ్చిన ఆరేళ్ళ పాప ఆపరేషన్ బల్ల మీదే పోయింది. విచారణ కమిటీకి ఈమే రాసిచ్చింది, తప్పు నాదే అని. అప్పట్నుంచి ముద్ద దిగడం లేదని వాళ్ళక్కే చెప్పింది. గురువారం మధ్యాహ్నం ఈ గదిలో తన మీద తనే మత్తు పరీక్ష పెట్టుకుంది. పెద్ద డాక్టరు అర్జెంటు కేసు వచ్చి వెళ్ళాడు. ఇక్కడ మిషన్లు బాగుచేసే మనిషి, అందరూ రిపేరు అని పిలిచేవాడు, గీతల కాగితం కోసం కిందికి దిగాడు. ఎవరూ లేని సమయం చూసుకుని, పాలలా తెల్లగా ఉండే గట్టి మత్తు, పాలమందు ఎక్కించుకుంది. సిరంజి ఆమె కుడిచేతిలో ఉంది. దాని మీద ఆమె వేలిముద్రలే ఉన్నాయి."

"ఆసుపత్రిలో గ్లోవ్స్ వేసుకోని చెయ్యి ఎవరిది? ఎన్నింటికి ఎక్కించుకుంది?"

"కాగితం మీదే అచ్చయి ఉంది. రెండూ ముప్పై ఒకటికి గీతలు మారిపోయాయి. రెండూ ముప్పై రెండుకి రిపేరు కింద స్టోరు రిజిస్టర్లో సంతకం పెట్టాడు. గుమస్తా చూశాడు."

"చనిపోయిన పాప తండ్రి రిపేరే కదా?"

"అవును. కన్నతండ్రే క్షమించి ఆమె పక్కన పనిచేస్తుంటే తవ్వడానికి మనమెవరం?"

"క్షమించాడని నీకెవరు చెప్పారు?"

"అతనే."

"ఎన్నింటికి?"

ఇన్‌స్పెక్టర్ పళ్ళు కొరికాడు.

గడియారం గదంతా ఒకసారి చూశాడు. ఒక మంచం. తలవైపు మెదడు గీతల మిషను. ఎడమ పక్కన సెలైన్ స్టాండు, ఒక స్టీలు ట్రే. గోడవారగా ఉండాల్సిన కుర్చీ మంచానికి కుడివైపు, తలగడ పక్కనే ఉంది. చెవిలో మాట చెప్పేవాళ్ళు కూర్చునేంత దగ్గరగా.

"కుర్చీ ఎవరు జరిపారు?"

"మావాళ్ళెవరూ ముట్టుకోలేదు."

గడియారం ఆ కుర్చీలో కూర్చోలేదు. రెండేళ్ళ కిందట ఆయన భార్యకి పిత్తాశయం తీసేసినప్పుడు మత్తిచ్చింది ఈ డాక్టరమ్మే. "కళ్ళు మూతపడేముందు ఏం తలచుకుంటారమ్మా?" అని అడిగిందట. ఇప్పటికీ ఆవిడ ఆ మాట చెప్పుకుంటుంది.

పెద్ద డాక్టరు లోపలికొచ్చాడు. మత్తు విభాగానికి పెద్ద ఆయన. డెబ్బైకి దగ్గర పడ్డ మనిషి. మంచం వైపు చూడకుండా నేరుగా బల్ల దగ్గరికి వెళ్ళాడు.

"నేను వద్దన్నాను," అన్నాడు, ఎవరూ అడక్కముందే. "వేరేవాళ్ళ మీద చేసేముందు నా మీద చేసి చూడాలి అంది. మత్తులో ఉన్న మెదడు మేలుకోబోతుంటే ముందుగా కనిపెట్టే గుర్తు కోసం వెతుకుతోంది. ఆ పాప పోయిన దగ్గర్నుంచి ఇదొక్కటే ధ్యాస. రెండు మందులు పోల్చాలనుకుంది. ఒకటి తేలిక మత్తు. రెండోది పాలమందు, నేను తిరిగొచ్చాక ఇవ్వాల్సింది. సిరంజిలో నింపి ట్రేలో పెట్టి ఉంచాం."

"మీరు ఎన్నింటికి వెళ్ళారు?"

"రెండూ పదికి. తేలిక మత్తు రెండూ అయిదుకి మొదలెట్టాం. కింద యాక్సిడెంటు కేసొచ్చింది. మీరెళ్ళండి సార్, తమ్ముడున్నాడుగా అంది. రిపేరుని తమ్ముడనే పిలిచేది."

"ఈ గీతలు నాకు అర్థమయ్యేలా చెప్పండి. నేను సైన్సులో అత్తెసరు మార్కులవాణ్ణి."

పెద్ద డాక్టరు ముఖంలో నవ్వులాంటిదేదో వచ్చి పోయింది. మొదటి కాగితం విప్పాడు.

"నిద్ర, మత్తు ఒకటే అనుకుంటారు జనం. కాదు. మెదడు అడుగున, వెన్ను మొదలయ్యే చోటికి దగ్గర్లో, నీలంగా ఓ చిన్న మచ్చ ఉంటుంది. మెలకువని కాపలా కాసేవాళ్ళలో అదొకటి. తేలిక మత్తు దాన్ని జోకొడుతుంది. కాపలా సడలగానే నిద్ర తెప్పించే కణాలు కొన్ని పని అందుకుంటాయి. రోజూ మనం నిద్రపోయేటప్పుడు జరిగేదీ దాదాపు ఇదే. అందుకే గీతలు కూడా నిద్రలాగే ఉంటాయి. ఇవిగో, ఈ చిన్న చిన్న గుత్తులు చూడండి. మధ్యలో లావు, రెండు చివరలా సన్నం. వీటిని కండెలంటాం, నూలు చుట్టిన కండెల్లా ఉంటాయని. ఈ మత్తులో ఉన్న మనిషిని పేరుపెట్టి పిలిస్తే కళ్ళు తెరుస్తాడు. అడిగినదానికి జవాబు చెప్తాడు. వదిలేస్తే మళ్ళీ పడుకుంటాడు."

"పాలమందు?"

"దాని దారి వేరు. కళ్ళూ చెవులూ ఒళ్ళూ పంపే కబుర్లన్నీ మెదడు మధ్యలో ఒక కూడలికొచ్చి, అక్కడినుంచి పై పొరకి వెళ్తాయి. పై పొర మళ్ళీ కిందికి జవాబిస్తుంది. మెలకువంటే ఆ రాకపోకలే అనుకోండి. పాలమందు ఆ రెంటినీ ఒకే తాళానికి కట్టేస్తుంది. ఒకటే ఊపు, ఒకటే మోత. ఇక ఒకరి మాట ఒకరికి చేరదు. పిలిచినా, కోసినా తెలియదు. మోతాదు మించితే ఊపిరి నడిపే చోటు కూడా ఆగిపోతుంది." ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "అంతా తెలిసిపోయిందని కాదు. తరాలుగా మనుషుల్ని నిద్రపుచ్చుతున్నాం. ఎలా పుచ్చుతున్నామో ఇప్పటికీ సగమే తెలుసు. మిగతా సగం కోసమే ఆ పిల్ల పడుకుంది ఇక్కడ."

రెండో కాగితం విప్పుతూ ఉన్నట్టుండి ఆగిపోయాడు. వేలు ఒకచోట నిలిచింది.

"ఇదేంటి?"

గడియారం వంగి చూశాడు. కండెలు మాయమై గీతలు సన్నగా, గజిబిజిగా పరుగెత్తాయి. పక్కన టైము రెండూ ఇరవై తొమ్మిది.

"లేచింది," అన్నాడు పెద్ద డాక్టరు గొంతు తగ్గించి. "నలభై సెకన్లు. తనంతట తను లేచినట్టు లేదు. ఎవరో పిలిచారు. తర్వాత మళ్ళీ కండెలొచ్చాయి. నిద్రపోయింది. నిమిషం పైగా మామూలు నిద్ర. ఆ తర్వాత రెండూ ముప్పై ఒకటికి పాలమందు గీతలు. ఆపైన..." కాగితం చివర వరకూ గీతలు చదునుగా ఉన్నాయి. ఆయన దాన్ని చేత్తో కప్పేశాడు.

గడియారం ఇన్‌స్పెక్టర్ వైపు తిరిగాడు. "సూది వేసుకునే మనిషి సూది పోటు దాకా మెలకువగా ఉండాలిగా. ఈమె అప్పటికి నిమిషం నుంచి నిద్రలో ఉంది. నిద్రపోతున్న మనిషి లేచి ట్రేలోంచి సిరంజి తీసుకుందంటావా?"

ఇన్‌స్పెక్టర్ కాగితం తన వైపు లాక్కుని మళ్ళీ చూశాడు. అతను తెలివితక్కువవాడు కాడు, తొందరమనిషి మాత్రమే. పది సెకన్లలో తేరుకున్నాడు.

"సరే. హత్య. ఒప్పుకున్నాను. రెండూ ముప్పై ఒకటికి రిపేరు స్టోరులో ఉన్నాడు. మరి మీరెక్కడున్నారు డాక్టరుగారూ? రెండూ పదికి ఇక్కడినుంచి వెళ్ళారు. ఆపరేషన్ థియేటర్ పుస్తకంలో మీరు లోపలికి వెళ్ళింది రెండూ ముప్పై ఎనిమిదికి. మధ్యలో ఇరవై ఎనిమిది నిమిషాలు?"

"పేషెంటు రక్తం రిపోర్టు కోసం నా గదిలో కూర్చున్నాను."

"ఒంటరిగా?"

"ఒంటరిగానే."

"ఈ మందులూ ఈ గీతలూ మీకంటే బాగా తెలిసినవాళ్ళు ఈ భవనంలో లేరు. పదండి స్టేషన్‌కి."

పెద్ద డాక్టరు ఎదురు చెప్పలేదు. దుఃఖంలో ఉన్న మనిషికి నింద కూడా పెద్ద బరువనిపించదు కాబోలు. కోటు బొత్తాలు పెట్టుకోవడం మొదలెట్టాడు.

"నువ్విచ్చిన గడువు పన్నెండుకి," అన్నాడు గడియారం. "ఇప్పుడు పదీ అయిదు. మాట మీద నిలబడతావా లేదా?"

"నేరస్తుణ్ణి ఎదురుగా పెట్టుకుని..."

"ఇన్స్పెక్టరయ్యాక తొందరపడి ఒకణ్ణి లోపలేశావా ఎప్పుడైనా? లేదు. నా చేతికింద నువ్వున్నప్పుడు వేశావు. ఏ తప్పూ చెయ్యనివాడు నలభై రోజులు జైల్లో ఉన్నాడు. గుర్తుందా?"

ఇన్‌స్పెక్టర్ ముఖం ఎర్రబడింది. తలుపు దగ్గర కానిస్టేబుల్‌ని నిలబెట్టి, డాక్టరుని అక్కడే కూర్చోమని చెప్పి, తను వరండాలోకి వెళ్ళిపోయాడు.

గడియారం రిపేరుని పిలిపించాడు.

ముప్పై అయిదేళ్ళుంటాయి. ఆసుపత్రిలో ఏ మిషను మూలిగినా పరుగెత్తుకొచ్చేది అతనే. చొక్కా జేబులో స్క్రూడ్రైవరు, టెస్టరు. గడ్డం మాసి ఉంది. కూర్చోమంటే గోడకి ఆనుకుని నిలబడ్డాడు.

"గురువారం ఎన్నింటికి కిందికి వెళ్ళావు?"

"రెండూ ఇరవైకి సార్. కాగితం అంచున ఎర్రగీత వచ్చేసింది. అయిపోబోతోందని గుర్తు. అక్క తేలిక మత్తులో ఉంది, ఊపిరి బాగానే ఉంది. కొత్త చుట్ట తేవడానికి వెళ్ళాను."

"మళ్ళీ ఎన్నింటికి వచ్చావు?"

"రెండూ యాభై అయిదుకి. మెట్ల దగ్గర కళ్ళు తిరిగితే కూర్చుండిపోయాను. ఈమధ్య నిద్ర ఉండటం లేదు. వచ్చేసరికి..." గోడ వైపు చూశాడు. "అయిపోయింది."

"డాక్టరమ్మ మీద కోపం లేదా నీకు?"

అతను జేబులోని టెస్టరు సరిచేసుకున్నాడు. "కోపం ఉంటే పక్కన పనిచేస్తానా సార్? పాప పోయిన పదోరోజు నుంచీ నాకు టిఫిన్ తెచ్చేది. నువ్వు తినకపోతే నేను తినను అనేది. ఇద్దరం ఆ మూల కూర్చుని తినేవాళ్ళం. ఒక్క సంగతి మాత్రం ఎన్నిసార్లు అడిగినా చెప్పలేదు."

"ఏ సంగతి?"

"ఏం లేదు సార్."

అతన్ని పంపేశాక గడియారం రెండు కాగితాలూ మళ్ళీ ముందేసుకున్నాడు. మొదటి ముక్క రెండూ పంతొమ్మిదికి ఎర్రగీతతో ఆగింది. రెండోది రెండూ ఇరవై ఎనిమిదికి మొదలైంది. మధ్యలో తొమ్మిది నిమిషాలు గీతలే లేవు. అలవాటుగా కాగితం తిరగేశాడు. వెనక వైపు, జానెడు జానెడుకీ సన్నటి నంబరు అచ్చయి ఉంది. మొదటి ముక్క మీద 417. రెండో దాని మీద 418.

ఆయన మెట్లు దిగి, ఆవరణకి ఆ చివరనున్న స్టోరుకి వెళ్ళాడు. వాచీ చూసుకుంటూ దిగాడు. స్టోరు గుమస్తా ముక్కు మీదికి కళ్ళజోడు దించి, సూదీ దారం లెక్క కూడా రాసుకునే రకం. రిజిస్టరు తిప్పి చూపించాడు. గురువారం, మధ్యాహ్నం రెండూ ముప్పై రెండు, మెదడు గీతల కాగితం ఒక చుట్ట, నంబరు 418. పక్కన రిపేరు సంతకం.

"ఈ గోడ గడియారం సరిగ్గా నడుస్తుందా?"

"మీ వాచీతో చూసుకోండి," అన్నాడు గుమస్తా, కొంచెం నొచ్చుకుని.

సెకను తేడా లేదు.

మూడో అంతస్తుకి ఎక్కడానికి మామూలు నడకతో ఏడు నిమిషాలు పట్టింది. గదిలోకొచ్చి మెదడు గీతల మిషను బొత్తం నొక్కాడు. తెర వెలిగింది. మూలన టైము కనబడింది. వాచీతో పోల్చాడు. మిషను పదకొండు నిమిషాలు వెనక ఉంది.

వరండాలోంచి ఇన్‌స్పెక్టర్‌ని పిలిచి రెండు కాగితాలూ బోర్లా పరిచాడు.

"ఆమె చావు అచ్చయిన కాగితం ఇది. నంబరు 418. రెండూ ముప్పై రెండు దాకా ఇది కింద స్టోరులో అలమారాలో ఉంది. అలాంటిది రెండూ ఇరవై ఎనిమిదికే ఇక్కడ మిషనులోకి ఎలా వచ్చింది?"

ఇన్‌స్పెక్టర్ నంబరు చూశాడు. తెర చూశాడు. తన వాచీ చూసుకున్నాడు. పెదాలు కదిలాయి, మనసులో పదకొండు కలుపుకుంటున్నట్టు.

"రెండూ ముప్పై తొమ్మిదికి కొత్త చుట్ట పెట్టారు," అన్నాడు మెల్లగా. "రెండూ నలభైకి పిలిచారు. రెండూ నలభై రెండుకి పాలమందు."

"అప్పటికి ఈ డాక్టరుగారు థియేటర్లో ఉన్నారు, ఆరుగురి మధ్య."

ఇన్‌స్పెక్టర్ పెద్ద డాక్టరు ముందుకొచ్చి నిలబడ్డాడు. క్షమాపణ చెప్పడం అతనికి అలవాటు లేని పని. "మీరు వెళ్ళొచ్చు సార్," అని మాత్రం అన్నాడు. పెద్ద డాక్టరు లేవలేదు.

"రిపేరా?" అన్నాడాయన. "వాడు ఆమెని అక్కా అనేవాడయ్యా."

ఇన్‌స్పెక్టర్ అరెస్టు కాగితాలు రాయించడానికి కిందికి వెళ్ళాడు. అప్పుడు వరండా బెంచీ మీదినుంచి డాక్టరమ్మ అక్క లేచి వచ్చింది. బట్టలు కుట్టే మనిషి, చూపుడు వేలి కొస సూది పోట్లతో గరుకుగా ఉంటుంది. చెల్లెలి చావు మీద అనుమానముందని గడియారాన్ని వెతుక్కుంటూ వచ్చింది ఆవిడే. చేతిసంచీలోంచి మడతపెట్టిన కాగితం తీసింది.

"ఇది ఇవ్వాలా వద్దా అని నాలుగు రోజులుగా నాలో నేనే కొట్టుకుంటున్నానండీ. చెల్లి నా కుట్టుమిషను సొరుగులో దాచింది. ఎవరికి చూపించినా ఫరవాలేదు గానీ, తమ్ముడి కంట మాత్రం పడకూడదక్కా అంది. రిపేరు గురించే."

పాప ఆపరేషన్ నాటి మెదడు గీతల కాగితం అది. పెద్ద డాక్టరు విప్పి చదువుతుంటే ఆయన ముఖంలో రక్తం ఇంకిపోయింది.

"పాపకి గుండె గోడలో చిల్లు. ఆపరేషన్ సవ్యంగానే సాగుతోంది. పదీ పదమూడు తర్వాత మత్తు ఎక్కించే పంపు నుంచి మందు ఒంట్లోకి వెళ్ళడం ఆగింది. పదీ ఇరవైకి మెదడు మేలుకుంది. కదలకుండా కండరాలకిచ్చే మందు వేరే ఉంటుంది, అది మాత్రం పనిచేస్తూనే ఉంది. కాబట్టి వేలు కూడా కదపలేదు. పదీ ఇరవై ఆరుకి డాక్టరమ్మ కనిపెట్టి సరిచేసింది. అప్పటికే ఆ భయానికీ నొప్పికీ గుండె తట్టుకోలేకపోయింది."

"ఎందుకు ఆగింది మందు?"

పెద్ద డాక్టరు కాగితం అంచు చూపించాడు. డాక్టరమ్మ చేతిరాత. 'పదీ పదమూడు. పంపు మొరాయించింది. వేరే మనిషి దొరక్క తమ్ముణ్ణే పిలిచారు. బిడ్డ వైపు చూడకుండా, చేతులు వణుకుతుంటే పంపు మార్చి వెళ్ళాడు. మందు కారకుండా గొట్టానికి వేసిన క్లిప్పు తీయడం మరిచాడు. మందు మెల్లగా వెళ్ళేటప్పుడు దారి మూసుకుందని ఆ పంపు కూతపెట్టడానికి పది నిమిషాలు పైనే పడుతుంది. చూసుకోవలసింది నేను. చూడలేదు. అతనికి ఈ సంగతి తెలిస్తే బతకడు.'

పెద్ద డాక్టరు కాగితాన్ని బల్ల అవతలి అంచున పెట్టాడు.

"అందుకేనా," అన్నాడు, "కమిటీ ముందు ఒక్క ప్రశ్నకి కూడా జవాబు చెప్పకుండా తప్పు నాదే అని రాసిచ్చింది."

గడియారం అక్క వైపు చూశాడు. రెండో చుట్ట ఎవరిని పట్టించిందో ఆవిడకింకా తెలియదు. చెప్పాలి. ముప్పై నాలుగేళ్ళలో ఇలాంటి వార్తలు ఎన్నో చెప్పాడు, ఏదీ తేలిగ్గా నోటికి రాలేదు. కూర్చోబెట్టి, సూటిగా చెప్పాడు. ఆవిడ కొంగు నోట్లో కుక్కుకుని తల వంచేసింది. కాసేపటికి తలెత్తి, "అతన్ని పిలవండి. నేనూ ఉంటాను," అంది.

రిపేరు వచ్చాడు. బల్ల మీద బోర్లా పడున్న కాగితాల మీది నంబర్లు చూశాడు. మిషన్ల మనిషి. చెప్పించుకోవాల్సిన పని లేకపోయింది.

"కాగితం అయిపోయి మిషను ఆగి ఉంటే చెయ్యి ఊరుకోదు సార్," అన్నాడు. "రాగానే చుట్ట మార్చాను. చంపాలని రాలేదు. ఆ ఆలోచనే ఉంటే మార్చేవాణ్ణి కాదేమో."

"తర్వాత?"

"కుర్చీ లాక్కుని కూర్చున్నాను. అక్క ముఖం ప్రశాంతంగా ఉంది. మూడు నెలలుగా అడుగుతున్నాను, మా పాప మధ్యలో లేచిందా అని. థియేటర్ నర్సులు గుసగుసలాడుకోవడం విన్నాను. అక్క ఎప్పుడూ మాట మార్చేసేది. ఈ మత్తులో అడిగితే దాచకుండా చెప్తారని తెలుసు. అక్కా అని పిలిచాను. కళ్ళు తెరిచింది. మా పాప లేచిందా అక్కా? అంటే, లేచింది తమ్ముడూ అంది. ఎంతసేపు? ఆరు నిమిషాలు."

గోడకి ఆనుకునే కిందికి జారి కూర్చున్నాడు.

"అంత మాట చెప్పి మళ్ళీ కళ్ళు మూసుకుంది సార్. హాయిగా నిద్రపోయింది. మా పాపకి నోరు పెగలదు, చెయ్యి కదలదు, ఆరు నిమిషాలు. ఈవిడకి నిద్ర. ట్రేలో సిరంజి కనబడింది. నా చేతికి గ్లోవ్స్ ఉన్నాయి. అంతకు మించి నాకేం గుర్తులేదు. అయ్యాక సిరంజి అక్క చేతిలో పెట్టాను. పావుగంట ఇక్కడే నిలబడ్డాను. లేపుదామని చాలా ప్రయత్నం చేశాను. అక్కా అక్కా అని పిలిచాను. ఆ మందుకి పిలుపు వినబడదని తెలుసు, అయినా పిలిచాను."

పెద్ద డాక్టరు ముఖం తిప్పుకున్నాడు.

రిపేరు డాక్టరమ్మ అక్క వైపు చూడలేకపోయాడు. ఆవిడ కాళ్ళ వైపు చూస్తూ అడిగాడు. "పెద్దక్కా, మీ దగ్గరేదో కాగితం ఉందని బయట అనుకుంటున్నారు. మా పాపదేనా? దాంట్లో ఏముంది? ఎందుకు మేలుకుంది నా బిడ్డ?"

గడియారం ఆవిడ వైపు చూశాడు. చెల్లెల్ని చంపినవాడు కాళ్ళ దగ్గర కూర్చుని అడుగుతున్నాడు. ఒక్క వాక్యం చాలు. దానికి మించిన శిక్ష ఏ కోర్టూ వేయలేదు.

"ఏముంటుంది," అంది అక్క. "చూసుకోవాల్సింది మా చెల్లి. చూసుకోలేదు. అదే రాసుకుంది."

ఆవిడ చేతులు మాత్రం కొంగుని మెలిపెడుతూనే ఉన్నాయి.

అప్పుడే ఇన్‌స్పెక్టర్ లోపలికొచ్చాడు, చేతిలో కాగితాలతో, వెనక ఇద్దరు కానిస్టేబుళ్ళతో. బల్ల మీద పాప కాగితం తెరిచే ఉంది. ఏం జరిగిందో అతనికి తెలియదు. ఏ సాక్ష్యం దొరికినా గట్టిగా చదవడం అతని అలవాటు.

"ఇదేంటి కొత్తగా? పదీ పదమూడు. పంపు మొరాయించింది. వేరే మనిషి దొరక్క..."

గడియారం కాగితం లాక్కున్నాడు. గుప్పిట్లో నలిగిపోయింది.

ఆలస్యమైంది. రిపేరు తలెత్తాడు.

"ఆ రోజు పంపు మార్చింది నేనే," అన్నాడు.

అతను తన కుడిచేతి వైపు చూసుకున్నాడు.

"నన్ను పిలిచారు. పాప ముఖం చూడలేక అటు తిరిగి మార్చేశాను. పాత పంపు ఊడదీశాను. క్లిప్పు వేశాను. కొత్తది బిగించాను. తర్వాత..." అతని కుడిచేతి బొటనవేలూ చూపుడువేలూ గాల్లో కదిలాయి. ఒక్కో పనీ వరసగా చేసుకుంటూ వచ్చి ఒకచోట ఆగిపోయాయి. మళ్ళీ మొదట్నుంచి చేసుకొచ్చాడు. మళ్ళీ అక్కడే ఆగాయి.

"క్లిప్పు తీశానా పెద్దక్కా?"

"తీశావు," అంది అక్క. "తీశావనే రాసి ఉంది."

అతను ఆవిడ ముఖంలోకి చూశాడు. తర్వాత గడియారం గుప్పిట వైపు చూశాడు. ఆ గుప్పిట తెరుచుకోలేదు. ఇన్‌స్పెక్టర్‌కి అర్థమైపోయింది. అంతసేపు గదంతా దద్దరిల్లేలా మాట్లాడిన మనిషి, గోడ మీద ఏదో కనబడ్డట్టు అటు తిరిగి నిలబడ్డాడు.

"అక్కకి తెలుసా?" అన్నాడు రిపేరు. మాట చాలా చిన్నగా వచ్చింది. "మూడు నెలలూ తెలుసా? తెలిసే నాతో కూర్చుని తిన్నదా? తెలిసే గురువారం నా చేతిలో ప్రాణం పెట్టి పడుకుందా?"

పెద్దక్క అబద్ధం ఆడటానికి నోరు తెరిచింది. ఈసారి మాట రాలేదు. వంగి, అతని తల మీద చెయ్యి పెట్టబోయి, పెట్టలేక, పక్కనున్న కుర్చీని పట్టుకుంది.